ఒకే బ్యాచ్, రెండు ముక్కలు, రెండు టీసీలు: తప్పు డోపింగ్‌దేనా?

బేరియం ఐరన్ ఆర్సెనైడ్‌లో పొటాషియం కలిపి సూపర్‌కండక్టర్ చేస్తే, ఒకే బ్యాచ్ ముక్కలు రెండు రకాల టీసీ (ఏ ఉష్ణోగ్రత కింద రెసిస్టెన్స్ సున్నా అవుతుందో అది) చూపిస్తున్నాయి, డోపింగ్ (ఇలా వేరే మూలకం కలపడం) అంటే ఇంతేనా అని అడిగారు. ఇంతే కాదండీ. ఏం కలిపారు, అది ఎక్కడ కూర్చుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇదే పొటాషియంతో నేనూ ఏడాది తిప్పలు పడ్డాను.

మా అమ్మమ్మగారి ఊరు శ్రీకాకుళం జిల్లా బుడితి. ఇత్తడి సామాన్లకు పేరున్న ఊరు. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి, జింకేమో 907కే మరిగిపోతుంది. తెల్లటి పొగగా కొంత పోతుందని తెలుసు కాబట్టి ఇత్తడి పోసేవాళ్లు జింకు కాస్త ఎక్కువే వేస్తారు. చిన్నప్పటి నుంచి ఇది విన్నవాణ్ణి, ల్యాబ్‌కి వెళ్లాక మర్చిపోయాను! పొటాషియం ఇంకా ఘోరం, 760 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. లెక్క ప్రకారం తూచి వేసిన నా మొదటి పెల్లెట్ (పొడిని నొక్కి చేసిన బిళ్ల) పైభాగంలో పొటాషియం తక్కువ, లోపల ఎక్కువ. పైగా ఆ ఆవిరి క్వార్ట్జ్ గొట్టాన్ని తినేసింది. లోపల ఆర్సెనిక్ ఉంది కదా, ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తే. తర్వాత అల్యూమినా మూసను టాంటలం గొట్టంలో పెట్టి వెల్డ్ చేసి, దాన్ని క్వార్ట్జ్‌లో సీల్ చేశాం. పొటాషియం కూడా కొంచెం ఎక్కువ వేశాం. అప్పటికి గాని దారిలోకి రాలేదు.

రెసిస్టెన్స్ సున్నాకి పడింది కదా అని మాత్రం మురిసిపోకండి. కరెంటు పోవడానికి ఒక్క దారి దొరికితే చాలు, మిగతా ముక్కంతా ఎలా ఉన్నా సున్నాయే వస్తుంది. మాగ్నెటైజేషన్ చూడండి, వీలైతే స్పెసిఫిక్ హీట్ కూడా. అక్కడ మార్పు ఎన్ని కెల్విన్ల మేర సాగిందో అదే అసలు సంగతి చెబుతుంది.

ఇంకో మెలిక ఉంది. ఎక్స్ (బేరియం స్థానాల్లో పొటాషియం వాటా) 0.4 దగ్గర టీసీ 38 కెల్విన్, ఎక్స్‌ని బట్టి టీసీ పెరిగి తగ్గే గోపురంలాంటి గీతకు, అంటే డోమ్‌కి, అదే శిఖరం. అక్కడ పొటాషియం అటూఇటూ అయినా టీసీ పెద్దగా కదలదు, లోపం దాగిపోతుంది. 0.2 దగ్గర వాలు నిటారుగా ఉంటుంది, అంతే తేడా అక్కడ బట్టబయలవుతుంది.

పొటాషియం బదులు కలిపే కోబాల్ట్ సంగతి వేరు. అది ఆవిరైపోదు, ఇనుముతో చక్కగా కలిసిపోతుంది. కాకపోతే సూపర్‌కండక్టివిటీ పుట్టే ఇనుము పొరలోనే కూర్చుని ఎలక్ట్రాన్లకు అడ్డం పడుతుంది. అందుకే కాబోలు టీసీ 25 కెల్విన్ దాటదు. పొటాషియమేమో ఆ పొర బయట, బేరియం స్థానంలో ఉంటుంది. గడ్డలుగా పేరుకోవడం వేరు, పరమాణువుల స్థాయిలో చెల్లాచెదురుగా ఉండటం వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు. డోపింగ్ గొడవే వద్దనుకుంటే 2016లో వచ్చిన కాల్షియం పొటాషియం 1144 (కాల్షియం, పొటాషియం, ఇనుము, ఆర్సెనిక్ 1:1:4:4 పాళ్లలో ఉండే పదార్థం) ఉంది. సైజు తేడా వల్ల కాల్షియం, పొటాషియం పరమాణువులు వేర్వేరు పొరల్లో వరసగా సర్దుకుంటాయి, టీసీ 35 కెల్విన్ వస్తుంది.

మీ ముక్కల్లో ఎక్స్ ఎంత? తూచి వేసింది కాదు, ఈడీఎక్స్‌లో (ఎక్స్-రేలతో మూలకాల వాటా కొలిచే పద్ధతి) నాలుగైదు చోట్ల వచ్చింది చెప్పండి.