చలి మొదలయ్యాక తోటకొచ్చే చిరిగిన సీతాకోకచిలుకల్ని కాపాడాలా?

మీరు అడిగింది ఇది: రాత్రిళ్ళు చలి మొదలైంది, పూలు సగం ఎండిపోయాయి, అయినా రోజూ ఒకటో రెండో సీతాకోకచిలుకలు వస్తున్నాయి. రెక్కలు చిరిగి, రంగు వెలిసి ఉన్నాయి. వాటిని ఇంట్లోకి తెచ్చి చక్కెర నీళ్ళు పట్టాలా? ఎండిన మొక్కలు పీకేసి తోట శుభ్రం చేసుకోవచ్చా?

పీకకండి. లోపలికీ తేకండి. ఒక కుర్చీ వేసుకుని ఆ మొక్కల పక్కన కూర్చోండి. అంతకు మించి మీరు చేయాల్సింది పెద్దగా లేదు. కానీ ఎందుకో చెప్పకుండా వదల్లేను. మొదటి ఐదారేళ్ళు నేనూ అన్నీ పీకేసినదాన్నే.

అప్పట్లో నాకు తోట అంటే పూలు విరగబూసినన్ని రోజులే తోట. రేకులు గోధుమరంగుకి తిరగ్గానే మొక్కలు వేళ్ళతో సహా లాగేసి, ఆకులన్నీ ఊడ్చి సంచుల్లో నింపేదాన్ని. ఒక ఏడాది అలా నింపిన సంచిలో చెయ్యి పెడితే, ఒక ఎండు కొమ్మకి వేలాడుతున్న ప్యూపా తగిలింది. చేతిలోకి తీసుకుంటే చిన్నగా కదిలింది. లోపల ప్రాణం ఉంది. అంతకుముందు ఏళ్ళలో ఎన్ని సంచులు బయట పడేశానో తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. చాలా జాతులు చలికాలాన్ని గుడ్డుగానో, గొంగళిపురుగుగానో, ప్యూపాగానో ఆ ఎండు కాడల్లో, రాలిన ఆకుల కిందే గడుపుతాయి. మనం చెత్త అనుకునేదే వాటికి ఇల్లు.

అసలు చెప్పాలనుకున్నది మాత్రం వేరే. రెండేళ్ళ క్రితం సంగతి.

మా అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయి, రోజంతా వరండాలోనే కూర్చునేవారు. ఎదురుగా తూర్పు గోడ వారన నా జిన్నియాలు. ఒకరోజు పొద్దున్నే కేకేశారు. "అమ్మాయ్, ఇటు రా. ఆ ఎర్రపువ్వు కింద ఏదో చచ్చి అతుక్కుపోయింది చూడు."

వెళ్ళి వంగి చూశాను. పెయింటెడ్ లేడీ అనే రకం సీతాకోకచిలుక. రెక్కలు మూసుకుని, తలకిందులుగా పువ్వు అడుగున పట్టుకుని ఉంది. రెక్కల మీద మంచు చుక్కలు. వరండా గోడకున్న థర్మామీటరు 13 డిగ్రీలు చూపిస్తోంది. నేనూ చచ్చిపోయిందనే అనుకుని తీసేద్దామని చెయ్యి చాపాను.

"ఉండు, కాలు కదిపింది," అన్నారు అత్తయ్య. అంత దూరం నుంచి ఆవిడకి ఎలా కనిపించిందో తెలీదు. నాకు మాత్రం కనిపించలేదు.

పని వదిలేసి ఆవిడ పక్కనే కూర్చున్నాను. ఎండ గోడ దాటి జిన్నియాల మీదికి రావడానికి ఇంకా అరగంట పట్టింది. ఆ అరగంటా అది కదల్లేదు. ఎండ పువ్వు అంచుని తాకాక ఒక్కో కాలే తీసి ఒక్కో కాలే వేస్తూ, మెట్లెక్కే ముసలమ్మలా పువ్వు పైకి ఎక్కింది. నాలుగు కాళ్ళే వాడుతోంది. దీని కుటుంబానికి చెందిన దాదాపు అన్ని సీతాకోకచిలుకలకీ ముందు కాళ్ళ జత కుంచించుకుపోయి ఛాతీకి ముడుచుకుని ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్ళు రెండు కాళ్ళు విరిగిపోయాయనుకుని కంగారుపడతారు. పైకి చేరాక వీపు ఎండవైపు తిప్పి, రెక్కలు రెండూ బల్లపరుపుగా పరిచింది. కాసేపటికి రెక్కలు సన్నగా వణకడం మొదలైంది.

"పాపం చలేస్తోందే," అన్నారు అత్తయ్య.

"చలి కాదత్తయ్యా, ఒళ్ళు వేడి చేసుకుంటోంది," అన్నాను. ఛాతీలో ఉండే ఎగిరే కండరాలు 30 డిగ్రీల దగ్గరికి వస్తే గాని అవి సరిగ్గా ఎగరలేవు. సొంతంగా ఒంటి వేడి నిలుపుకునే జీవి కాదు కాబట్టి ఎండ కాచుకోవాలి, లేదా ఇలా కండరాలు వణికించి వేడి పుట్టించుకోవాలి. అది రెండూ చేస్తోంది.

అప్పుడే గమనించాను. రెక్కలు ఒకసారి మూసినప్పుడు, వెనక రెక్కలు రెండింటికీ ఒకే చోట, ఒకే కొలతలో కోత ఉంది. కాగితాన్ని మడిచి కత్తెరతో వి ఆకారంలో కత్తిరిస్తే విప్పాక రెండు వైపులా ఒకేలా వస్తుంది చూడండి, అచ్చం అలాగే. అది పిట్ట ముక్కు గుర్తు. రెక్కలు మూసుకుని కూర్చున్నప్పుడు ఏ పిట్టో ముక్కుతో పట్టుకుంది. ఇది ఆ ముక్క దాని నోట్లోనే వదిలేసి తప్పించుకుంది. మీ తోటకొచ్చే చిరిగిన వాటిని ఈసారి అలా పట్టి చూడండి. రెండు పక్కలా ఒకేలా చిరిగితే పిట్ట, ఒక పక్కే పీలికలైతే ఎక్కువగా ముళ్ళో, గాలో, వయసో. నేనైతే చూడగానే చెప్పేస్తాను.

అత్తయ్య అప్పటికప్పుడే దానికి 'కత్తెర' అని పేరు పెట్టేశారు.

ఒళ్ళు వేడెక్కాక కత్తెర వెంటనే ఎగిరిపోలేదు. చుట్ట చుట్టుకున్న తొండం విప్పి తాగడం మొదలుపెట్టింది. ఆ పువ్వు రేకులు పూర్తిగా ఎండి కాగితంలా గరగరలాడుతున్నాయి. మామూలుగా అయితే వారం ముందే కోసేయాల్సిన పువ్వు. కానీ జిన్నియా అంటే ఒక పువ్వు కాదు, పూల గుత్తి. నడిబొడ్డున ఉండే పసుపు చుక్కల్లాంటివే అసలు పూలు. అవి అంచు నుంచి లోపలికి వరసలుగా, రోజుకి కొన్ని చొప్పున విచ్చుకుంటాయి. చుట్టూ రేకులు ఎండిపోయినా లోపలి వరసలో ఇంకా తేనె ఉంటుంది. కత్తెర ఆ వరసలో ఒక్కో పువ్వులో తొండం దించి తీస్తూ గుండ్రంగా తిరిగింది. నేను లెక్కపెట్టాను, 23 పూలు. మనకి అయిపోయినట్టు కనిపించే పువ్వు మీద దానికి దొరికినవి అన్ని. ఆ రోజు నుంచి ఎండిన జిన్నియా తల కోయలేదు నేను.

దాని తర్వాత వరసగా 11 రోజులు వచ్చింది. కోత గుర్తు ఉంది కాబట్టి అదేనని ఖాయంగా తెలిసేది. "కత్తెర వచ్చిందమ్మాయ్" అని వరండాలోంచి వినబడితే నేను చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి పరిగెత్తేదాన్ని. రోజురోజుకీ ఇటుక రంగు తగ్గి మట్టి రంగుకి దిగింది. రెక్కల మీద ఉండే సన్నటి పొలుసులే ఆ రంగు. రాలినవి మళ్ళీ రావు. అందుకే వెలిసిన రంగు దాని వయసు చెప్పేస్తుంది.

ఇక్కడ నాకొక బాధ ఉంది, చెప్పుకోవాలి. మా ఇంటికొచ్చేవాళ్ళు ఫోన్లు తీసి ఫొటోలు తీసుకుంటారు, కానీ కొత్తగా ప్యూపాలోంచి వచ్చి మెరిసేవాటికే. చిరిగినది కనిపిస్తే "అయ్యో, ఇది బాలేదు" అని పక్కకి పోతారు. నిన్నగాక మొన్న పుట్టినదానిలో చూడ్డానికి ఏముందండీ, రంగు తప్ప? పిట్ట నుంచి తప్పించుకుని, వానలు తట్టుకుని, చలిలో రాత్రంతా పువ్వు కింద వేలాడి పొద్దున్నే మళ్ళీ లేచినదాన్ని చూడాలి. చూడాల్సిన కాలం కూడా ఇదే. ఎండలు బాగా కాసే రోజుల్లో అవి ఒకచోట నిలవవు, రెప్పపాటులో మాయమైపోతాయి. చలి రోజుల్లోనే నెమ్మదిగా ఉంటాయి, తొండం విప్పడం, కాళ్ళు కదపడం అన్నీ కళ్ళారా చూడనిస్తాయి.

ఇంకో బాధ మొక్కల అమ్మకం గురించి. ఎక్కడ చూసినా ముద్దబంతి, ముద్దచామంతి, రేకుల మీద రేకులున్నవే అమ్ముతారు. వాటిలో నడిమి చిన్న పూలు కూడా రేకులుగా మారిపోయి ఉంటాయి. తొండం దించడానికి దారే ఉండదు. చూడ్డానికి నిండుగా ఉంటుంది, సీతాకోకచిలుకకి మాత్రం మూసిన తలుపు. రేకబంతి వేయండి, ఒంటి రేకల కాస్మోస్ వేయండి, వెర్బెనా వేయండి, తేడా మీకే తెలుస్తుంది. ఇంకోటి, పూలతో సహా కొన్న మొక్కలు తెచ్చేముందు ఏ మందు వేశారో అడగండి. ఒకసారి నర్సరీ నుంచి తెచ్చిన హోలీహాక్ మొక్క మీద చేరిన గొంగళిపురుగులు రెండు రోజుల్లో నల్లబడి రాలిపోయాయి. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పారు, కుండీ మట్టిలో పురుగు మందు కలిపామని. అలాంటి మందులు కొన్ని వేళ్ళ ద్వారా మొక్కంతా ఎక్కి, పువ్వులోని తేనె దాకా వస్తాయి. కడిగితే పోయేది కాదు. తేనెటీగలకి హాని అని యూరోపియన్ యూనియన్ ఈ రకం మందులు మూడింటిని 2018లోనే ఆరుబయట పంటలకి వాడకుండా నిషేధించింది. మనం మాత్రం అవి వేసిన మొక్కల్నే సీతాకోకచిలుకల కోసమని ముచ్చటపడి తెచ్చుకుంటాం.

సరే, చక్కెర నీళ్ళ మాట. కింద పడిపోయి, ఎండలో పెట్టినా లేవలేకపోతుంటే, దూదికి కొద్దిగా పలచటి చక్కెర నీళ్ళు తడిపి దాని కాళ్ళకి తగిలేలా పెట్టండి. అవి కాళ్ళతో కూడా రుచి చూస్తాయి, తీపి తగిలితే తొండం తనంతట తనే విప్పుకుంటుంది. గిన్నెలో మాత్రం పోయకండి, కాళ్ళూ రెక్కలూ జిగురై అతుక్కుంటాయి. నిలబడగలిగిన దానికి ఇవేమీ అక్కర్లేదు. వెచ్చటి గదిలోకి తేవడం అయితే అసలు వద్దు. ఒళ్ళు వెచ్చబడేకొద్దీ దాచుకున్న కొవ్వు గబగబా కరుగుతుంది, పైగా కిటికీ అద్దానికి కొట్టుకుని మిగిలిన రెక్కలు కూడా పోగొట్టుకుంటుంది. బ్రిమ్‌స్టోన్ లాంటి జాతులు రెక్కలొచ్చిన సీతాకోకచిలుకగానే చలికాలమంతా ఆకుల మాటున నిద్రలో గడుపుతాయి. వాటిని వెచ్చబెట్టి లేపితే వసంతం దాకా సరిపోవాల్సిన కొవ్వు ముందే అయిపోతుంది.

చిరిగిన రెక్కల మీద జాలి కూడా కొంచెం తగ్గించుకోండి. సీతాకోకచిలుకకి వెనక రెక్కలు పూర్తిగా లేకపోయినా ఎగరగలదని 2008లో పరిశోధకులు చూపించారు. దెబ్బతినేది చటుక్కున మలుపు తిరిగి శత్రువుని తప్పించుకునే ఒడుపే. పెయింటెడ్ లేడీల సంగతైతే ఇంకా ఆశ్చర్యం. 2013 అక్టోబరులో దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా సముద్రతీరంలో ఇసుక మీద కొన్ని కనిపించాయి. రెక్కలు చిరిగి, అలిసిపోయి ఉన్నాయి. ఆ ఖండంలో ఆ జాతే లేదు. ఒంటి మీద అంటిన పుప్పొడి, జన్యువులు, రెక్కల్లోని రసాయన ఆనవాళ్ళు పట్టుకుని వెతికితే, అవి పశ్చిమ ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ దాటి వచ్చాయని తేలింది. 4,200 కిలోమీటర్లకు పైన. గాలి సాయంతో ఐదు నుంచి ఎనిమిది రోజుల ప్రయాణం. ఈ ఫలితం 2024లో వెలువడింది. చిరిగిన రెక్కలతో సముద్రం దాటినవాటికి మన చక్కెర నీళ్ళు ఏపాటి?

యూరప్‌లో చలి ముందు ఇవన్నీ ఏమైపోతున్నాయో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. వసంతంలో గుంపులుగా వచ్చేవి కనిపించేవి, తిరిగి వెళ్ళేవి కనిపించేవి కావు. అందుకని అక్కడే చచ్చిపోతున్నాయనుకున్నారు. 2009లో లెక్కకు మించి వచ్చినప్పుడు రాడార్లతో పట్టి చూస్తే తెలిసింది, అవి మన కంటికి అందని ఎత్తులో, సగటున 500 మీటర్లకు పైన దక్షిణానికి వెళ్ళిపోతున్నాయి. ఆ ఏడాది ఒక్క బ్రిటన్‌కే అంత ఎత్తున ఎగురుతూ వచ్చినవి 1.1 కోట్లని, వెళ్ళినవి 2.6 కోట్లని అంచనా వేశారు. ఆఫ్రికా నుంచి యూరప్ ఉత్తర కొసకి వెళ్ళి తిరిగి రావడం దాదాపు 15,000 కిలోమీటర్లు. ఏ ఒక్కటీ ఆ దారంతా తిరగదు, ఆరు తరాల దాకా పడుతుంది. దారి చూపించే పెద్దవాళ్ళెవరూ ఉండరు.

పన్నెండో రోజు ఎండ బాగా కాసింది, ఉత్తరపు గాలి వీస్తోంది. కత్తెర ఎప్పటిలాగే తాగింది, చాలాసేపు తాగింది. తర్వాత రెక్కలు రెండుసార్లు ఆడించి లేచింది. అన్ని రోజులూ ఇంకో పువ్వు మీదికి వెళ్ళి వాలేది, ఆ రోజు వాలలేదు. గోడ దాటింది, వరండా కప్పు దాటింది, అలా నిటారుగా పైపైకి వెళ్ళి చుక్కయి పోయింది. అత్తయ్య కర్ర ఆనించుకుని లేచి నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూనే ఉన్నారు.

"చచ్చిపోవడానికి వెళ్ళిందంటావా?" అని అడిగారు.

"కాదండీ, ప్రయాణమై వెళ్ళింది," అన్నాను. నాకందులో రవ్వంత అనుమానం లేదు. చావబోయేది అలా తాగదు, అంత ఎత్తుకి లేవదు. ఆ గాలిలో ఎటు వెళ్ళాలో దానికి తెలుసు.

ఈ ఏడు జిన్నియాలు ఒక్కటి కూడా కోయలేదు, గోడ వారన నల్లగా ఎండి నిలబడే ఉన్నాయి. ఇవాళ పొద్దున రెండు పెయింటెడ్ లేడీలు వచ్చాయి. ఒకదానికి కుడి రెక్క అంచు లేదు, రెండోది బాగానే ఉంది. అత్తయ్య రెండింటి వెనక రెక్కలూ చూసే దాకా లోపలికి రానన్నారు.