సీలియాక్ అని తేలిందా? ముందు ఇంగువ డబ్బా తీయండి

అమెరికా వచ్చి ఏడాది తిరక్కముందే పాపకు సీలియాక్ జబ్బు అని తేలిందని, ఇక ఇంట్లో ఏమి వండాలో తోచడం లేదని ఒక తల్లి అడిగారు. అమ్మా, మా అబ్బాయికి ఏడో ఏట ఇదే జబ్బు బయటపడింది. ఇప్పుడు వాడికి పదిహేడు. మీ కంగారు నాకు బాగా తెలుసు.

గోధుమ, బార్లీ, రై (ఆవాలు కాదు, గోధుమ లాంటి ధాన్యమే) ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ కడుపులోకి వెళ్లినప్పుడల్లా ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత చిన్నపేగు గోడనే దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటబట్టదు. రక్తహీనత, ఎదుగుదల ఆగిపోవడం అందుకే. అందరికీ విరేచనాలే కావాలని లేదు. మావాడికి కనిపించిందల్లా నీరసం, పాలిపోయిన ముఖం. జీవితాంతం గ్లూటెన్ మానడమే దీనికి చికిత్స. పాప కోసం ఇంటిల్లిపాదీ చపాతీలు మానేయాలనుకుంటున్నారేమో, ఒక్క వారం ఆగండి. ఇది రక్తసంబంధీకుల్లో ఎక్కువగా కనిపించే జబ్బు. మీరిద్దరూ, పాప అన్నయ్యా గోధుమ తింటూ ఉండగానే రక్తపరీక్ష చేయించుకోండి. మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా పరీక్షలో కనిపించకపోవచ్చు.

మనది అన్నం తినే ఇల్లు కదా, చపాతీ, ఉప్మా, సేమ్యా మానేస్తే సరిపోతుందని నేనూ అనుకున్నాను. ఆరు నెలలు గడిచినా వాడి రక్తపరీక్ష అంకెలు దిగిరాలేదు. డైటీషియన్ మా పోపుల పెట్టెలో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటే చదవమన్నారు. ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ. ఇంగువ డబ్బా తిప్పి వెనక ఉన్న సన్నటి అక్షరాలు చదివితే అందులో గోధుమపిండి ఉంది. నా చేతులు చల్లబడ్డాయి. చారు, సాంబారు, పులిహోర, పప్పు... రోజూ రెండు పూటలా నా చేతులతో నేనే వడ్డించాను. బజారులో దొరికే ఇంగువ చాలావరకు జిగురు, పిండి కలిపి తయారుచేసినదే. బియ్యప్పిండి కలిపినవీ దొరుకుతాయి, గ్లూటెన్ రహితం అని రాసినది చూసి కొనండి. హోటల్లో ఇడ్లీ, దోసె తినవచ్చు కదా అని అడిగారు. సాంబారులో ఇంగువ ఏదో, దోసె పెనం మీద అంతకుముందు రవ్వదోసె వేశారేమో, గారెలు వేయించిన నూనెలో సమోసాలు వేగాయేమో అడగకుండా పెట్టకండి.

ఈ దేశంలో ప్యాకెట్ మీద గోధుమ ఉంటే చెప్పి తీరాలని 2004 నాటి చట్టం ఉంది. బార్లీకి ఆ నిబంధన లేదు. మాల్టు ఎక్కువగా బార్లీతో చేసేదే, అందుకని ఆ మాట కూడా వెతకండి. హార్లిక్స్ వంటివి పనికిరావు. గ్లూటెన్ రహితం అని రాసిన సరుకులో కిలోకు 20 మిల్లీగ్రాముల లోపే గ్లూటెన్ ఉండాలి. జొన్న, రాగి, శనగ పిండ్లు, ఓట్స్ కూడా ఆ ముద్ర ఉన్నవే తీసుకోండి; గోధుమ ఆడించిన మరలోనే అవీ ఆడించి ఉండవచ్చు. జల్లెడ, అప్పడాల కర్ర, టోస్టరు పాపకు వేరే పెట్టండి. బడిలో పిల్లలు ఆడుకునే ప్లే-డోలో గోధుమ ఉంటుందని టీచరుకు చెప్పండి.

ఇక రొట్టె సంగతి. కొన్న బ్రెడ్డు ఖరీదెక్కువ, పొడిపొడిగా రాలిపోతుంది. గోధుమపిండిని సాగేలా పట్టి ఉంచేది గ్లూటెనే కనుక దాని బదులు మరో జిగురు కావాలి. జొన్నరొట్టె చేసేవాళ్లు మరిగే నీళ్లు పోసి పిండి కలుపుతారు, వేడికి పిండి జిగురెక్కి రొట్టె విరగదు. బ్రెడ్డులో ఆ పని ఇసబ్‌గోల్ పొట్టు చేస్తుంది. 25 గ్రాముల పొట్టును 450 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో వేసి కలపండి. పది నిమిషాల్లో ముంజలా గట్టిపడుతుంది. జొన్నపిండి 200 గ్రాములు, బియ్యప్పిండి 100, టాపియోకా స్టార్చ్ 100, ఈస్టు ఒక చిన్న ప్యాకెట్, ఉప్పు, చక్కెర, రెండు చెంచాల నూనె అందులో కలపండి. చపాతీ పిండిలా మర్దించే పని లేదు, తడి చేత్తో నున్నగా సర్దితే చాలు. పొంగాక 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో గంటకు పైగా కాల్చండి. పూర్తిగా చల్లారేదాకా కోయకండి, వేడి మీద కోస్తే లోపల బంకబంకగా ఉంటుంది. మొదటి రెండుసార్లు కుదరకపోతే దిగులుపడకండి. మూడోసారి నీళ్లు కొంచెం తగ్గించాక మావాడు ముక్క కొరికి, ఇంకోటి కావాలన్నాడు.

వేసవిలో మీ అత్తగారు వస్తున్నారన్నారు. కాజాలు, మైదా బొబ్బట్లు వద్దని చెప్పండి. పూతరేకులు, మినపప్పు వేయించి ఇంట్లోనే మిక్సీ పట్టి చేసిన సున్నుండలు పాప హాయిగా తినవచ్చు. జంతికలు తెస్తామంటే, ఇంగువ వేయకుండా ఇంట్లో పట్టిన పిండితో, కొత్త నూనెలో, మిగతావాటికంటే ముందు వండమని ఫోనులోనే చెప్పండి. మా అమ్మ ఆ డబ్బా మీద మావాడి పేరు రాసి, వేరే సంచిలో పెట్టి తెస్తుంది.