ట్యూషన్ మానేశానన్నావే, దాని గురించే ఈ ఉత్తరం

పాపా,

నీ కథా అందింది, దాంతోపాటు రాసిన ఉత్తరమూ అందింది. కథ గురించి తర్వాత చెప్తాను. ఉత్తరం చివర్లో ఒక మాట రాశావు, సాయంత్రాలు వీధిలో పిల్లలకు ట్యూషన్ చెప్పేదాన్ని, రాసుకోవడానికి టైం చాలట్లేదని పోయిన నెల మానేశాను, ఇక పూర్తిగా రచనకే అంకితం అని. అది చదివాక నాకు కోపం వచ్చింది. రాసేవాళ్లు నలుగురికీ దూరంగా తలుపేసుకుని కూర్చోవాలని ఎవరు చెప్పారు నీకు? ఈమధ్య ఎవర్ని కదిలించినా ఇదే మాట: ఏకాంతం కావాలి, మూడ్ కావాలి, ఏ కొండ మీదో శిబిరం పెడితే అక్కడికి పోయి రాసుకోవాలి. మన సీమలో కథలు రాసినవాళ్లలో బడిపంతుళ్లు ఎంతమంది ఉన్నారో ఎప్పుడన్నా చూశావా? పగలంతా బడిలో గొంతు చించుకుని, ఇంటికొచ్చి పేపర్లు దిద్ది, ఆ తర్వాత మిగిలిన రాత్రిలో రాసుకున్నవాళ్లు. పాఠం వాళ్ల టైమును తినేసిందని అందరూ అంటారు గానీ, ఆ పాఠాలు చెప్పకపోయుంటే వాళ్లకు ఆ కథలు వచ్చేవే కావని నేనంటాను.

నీ కథలోనే చూపిస్తాను. కళ్యాణదుర్గం దగ్గర పల్లె, శెనక్కాయ చేను, వానలేదు. బాగుంది. ఆ చేను గురించి ఏం రాశావు? "పూత రాలిపోయింది, కొమ్మలకు వేలాడుతున్న కాయలు ఎండి నల్లబడ్డాయి." కొమ్మకు వేలాడడానికి అది కందిచేను కాదు కదా పాపా. వేరుశెనగ చెట్టుకు విత్తిన నెలలోపే పసుపు పూలు వస్తాయి. పూవు వాడిపోయాక దాని మొదట్లోంచి సన్నగా ఊడ ఒకటి బయలుదేరి కిందికి వంగుతుంది, వంగి మన్నులో దిగుతుంది, మన్ను లోపలికి పోయాకే దాని కొస ఉబ్బి కాయవుతుంది. అందుకే ఊడలు దిగే టయానికి నేల మెత్తగా, తేమగా ఉండాలి. పైమన్ను గట్టిపడిపోతే పచ్చగా నిలబడిన చెట్టుకే ఊడలు పైనే ఆగిపోతాయి. రైతు చేను గట్టు మీద కూర్చుని ఒక చెట్టు పీకి, కింద కాయలేమీ లేకపోవడం చూసి, మళ్లీ ఆ గుంతలోనే నాటబోతాడు చూడు, అదీ నీ కథకు కావలసిన చోటు. నువ్వు ట్యూషన్ చెప్పిన పిల్లల్లో ఒక్క రైతుబిడ్డ ముందు ఆ పేరా చదివుంటే, "అక్కా, కాయలు కింద కదా కాసేది" అని అక్కడికక్కడే చెప్పేసేవాళ్లు.

ఇంకొకరికి చెప్పి చూడనిది మనకు తెలిసినట్టు కాదు. నేను రాయడం మొదలుపెట్టిన నాటి నుంచి ఇదే నమ్ముతున్నాను, దీనిమీద ఎవరితోనైనా పోట్లాడతాను.

ధర్మవరం వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెప్పే రోజులు. వర్షపాతం పాఠం. పడమటి కనుమలు అడ్డం ఉన్నాయి కాబట్టి నైరుతి మేఘాలు మన దాకా వచ్చేసరికి ఖాళీ అవుతాయి, తూర్పు తీరం దూరం కాబట్టి ఈశాన్యమూ అంతంతమాత్రమే, అందుకే మన జిల్లాకు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే అని చెప్తున్నాను. చివరి వరసలో ఒక పిల్ల లేచింది. "అట్నుంచీ రాక, ఇట్నుంచీ రాక, మరి మన చెరువులోకి ఆ మాత్రం నీళ్లు యాడ నుంచి వచ్చినాయి టీచర్?" అనింది. పాఠ్యపుస్తకంలో దానికి జవాబు లేదు. ఆ ఆదివారం బస్సెక్కి రేకులకుంట వ్యవసాయ పరిశోధనా స్థానానికి పోయి, అక్కడి ఆయన్ని బతిమాలుకుంటే నెలనెలా వానల లెక్కలు ముందుపెట్టి ఓపిగ్గా చెప్పాడు. ఏడాది మొత్తంలో మనకు ఎక్కువ వాన సెప్టెంబరులో పడుతుంది, బంగాళాఖాతంలో వాయుగుండం పడితే దాని పుణ్యాన కొంత వస్తుంది. జూన్, జూలైలో విత్తినవాడికి ఆగస్టులో ఆకాశం ముఖం చాటేస్తే, సెప్టెంబరులో కుండపోత కురిసినా చేనుకు జరగాల్సిన నష్టం జరిగిపోయుంటుంది. సోమవారం క్లాసులో అది చెప్తూ చెప్తూ ఉండగా నాకొక కథ కనబడింది. చెరువు నిండిన రోజున ఊరొదిలి బెంగళూరు బస్సెక్కే మనిషి కథ. కరువంటే ఎండిన నేలే అనుకుని అందరమూ రాస్తున్న రోజుల్లో, అదను తప్పిన వాన గురించి రాయగలిగానంటే అది ఆ పిల్ల అడిగిన ప్రశ్న వల్లే.

ఆ కథను ఒక వారపత్రిక తిప్పి పంపింది. కరువు కథలు జనం చదవట్లేదట, మీ ప్రాంతం ఫ్యాక్షన్ మీద ఏదైనా ఉంటే పంపమని చిన్న చీటీ. బాంబులూ వేటకొడవళ్లూ తప్ప సీమలో మనుషులు లేరని నమ్మినవాళ్లు వాళ్లు. ఇంకో పత్రిక వేసుకుంది, కానీ ఎనుమును గేదె చేసి, సంగటిని రాగిముద్ద చేసి, అవ్వను బామ్మను చేసి. ఇప్పటికీ ఆ సంచిక తిరగేస్తే కడుపు మండుతుంది.

చదువు చెప్పడం గురించి పాత సంగతి ఒకటి విను. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల మీద మద్రాసుకు నివేదిక పంపాడు. అప్పటికి అనంతపురం వేరే జిల్లా కాదు, బళ్లారిలోనే ఉండేది, 1882లో విడిపోయింది. ఆయన లెక్కేసిన 533 బడుల్లో మన తాతముత్తాతల బడులూ ఉన్నాయి. 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేసినవాడు కాబట్టి మన భాష బాగా తెలిసినవాడే. ఈ బడుల్లో ముందున్న పిల్లలు వెనకున్న పిల్లలకు నేర్పుతారనీ, అలా నేర్పుతూ తమ చదువునూ గట్టిచేసుకుంటారనీ, ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించడం న్యాయమేననీ రాశాడు. ఇంగ్లండుకు దాన్ని మోసుకుపోయినవాడు ఆండ్రూ బెల్. మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలల బడి చూసుకుంటూ, మన పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, ఆ పద్ధతిని తన బడిలో పెట్టి, 1797లో దాని మీద పుస్తకం వేశాడు. క్యాంప్‌బెల్ అదే నివేదికలో తప్పు కూడా పట్టాడు: పిల్లలు పద్యాలకు పద్యాలు అప్పజెప్తారు, అర్థం మాత్రం చిలక్కు తెలిసినంతే, ఎందుకంటే పుస్తకాల భాష వేరు, నోటి భాష వేరు. రెండు వందల ఏళ్ల కిందట ఒక పరాయి దేశపు అధికారికి కనబడిన ఈ సంగతి, నా సంగటిని కొట్టేసిన సంపాదకుడికి కనబడలేదు.

ఈ కాలం రుజువు కావాలంటే అదీ ఉంది. 2014లో అమెరికాలో పరిశోధకులు ఒక వ్యాసం ఇచ్చి, కొందరికి దీని మీద పరీక్ష ఉంటుందని, కొందరికి దీన్ని ఇంకొకరికి బోధించాలని చెప్పారు. చివరికి అందరికీ పెట్టింది పరీక్షే. బోధించాలనుకుని చదివినవాళ్లకు ఎక్కువ గుర్తుంది, అదీ ఒక క్రమంలో. రేపు చెప్పాలి అనుకుంటేనే చదివే తీరు మారిపోతుందన్నమాట. రాసే తీరు కూడా అంతే మారుతుంది, కావాలంటే చేసి చూడు.

ఇక నీ కథలో నన్ను ఏడిపించిన చోటు. నాలుగో తరగతి పిల్ల పింఛను కోసం అవ్వకు సంతకం నేర్పుతుంది. అవ్వ పేరులో 'క్ష్మ' ఉంది. ఆ అక్షరం ఆ పిల్లకే సరిగ్గా రాదు, ఎప్పుడూ మ ఒత్తు ఎగ్గొట్టి టీచరు చేత తిట్లు తింటుంది. అవ్వ వేలు పట్టుకుని పలక మీద తిప్పుతూ, ఎక్కడ మలుపు తిరగాలో చెప్పాల్సి వచ్చి, మొదటిసారి ఆ ఒత్తు సరిగ్గా వేస్తుంది. అవ్వ చూసి, "నీకూ వచ్చినట్టుందే" అంటుంది. ఇంత గొప్ప సంగతిని రెండు ముక్కల్లో తేల్చేసి, వెంటనే సర్పంచు నోట ఒక పేజీ ఉపన్యాసం పెట్టావు! ఆ సర్పంచును తీసెయ్. ఆయన చెప్పేదంతా ఆ పలక మీదే ఉంది. ట్యూషన్ చెప్తున్నప్పుడు ఏ పిల్ల దగ్గరో చూసే ఉంటావు దీన్ని, తలుపేసుకున్న గదిలో పుట్టే వాక్యం కాదది. అది చూపించిన సాయంత్రాలనే మానుకున్నావు.

పబ్లిషర్లూ, పోటీలూ, కథ ఎన్ని పేజీలుండాలనే సంగతీ అడిగావు. వాటి గురించి ఇంకోసారి చూద్దాం.

సోమవారం నుంచి పిల్లల్ని మళ్లీ రమ్మను. ఫీజు ఇచ్చినా ఇవ్వకపోయినా రమ్మను. మొదటి రోజే లెక్కలు పక్కన పెట్టి శెనక్కాయ ఎట్లా కాస్తుందో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పు. తెలియకపోతే ముందురోజు ఎవరి చేనుకైనా పోయి చెట్టు పీకి చూసిరా. వాళ్లు అడిగే ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకో, నీకు జవాబు రానివి ముఖ్యంగా. కథ తిరగరాసి నాకు పంపాలని తొందరపడకు. ముందు ఆ కాగితం పంపు.

మీ అక్క,
అనంతపురం