ప్రోగ్రామ్ సరిగ్గానే ఉన్నా, ఆటోమేటిక్‌గా మార్కులు వేసే టూల్ సున్నా ఎందుకు ఇస్తోంది?

అమలాపురంలో పదకొండో తరగతికి పైథాన్ చెప్పే టీచరు గారి ప్రశ్న ఇది. ఎన్ని బస్తాలో ఇస్తే ధాన్యం ఎన్ని కిలోలో చెప్పాలి, బస్తా 75 కిలోలు. పిల్లాడి లెక్క కరెక్టే, మార్కు మాత్రం సున్నా.

టూల్ ప్రోగ్రామ్‌ని చదవదండీ. మీరు ముందే పెట్టిన ఇన్‌పుట్ ఇచ్చి నడిపి, వచ్చిన అవుట్‌పుట్‌ని మీ జవాబుతో అక్షరం అక్షరం పోల్చుతుంది. 4 ఇస్తే 300 రావాలని మీరు పెట్టారు. కుర్రాడేమో మర్యాదగా "ఎన్ని బస్తాలు?" అని ఇన్‌పుట్ ఫంక్షన్‌లోనే అడిగాడు. ఆ ప్రశ్న కూడా అవుట్‌పుట్‌లోకే వెళ్లి 300 ముందు అతుక్కుంటుంది. నేను చూసిన గొడవల్లో ఎక్కువ ఇదే. "అంకె తప్ప ఇంకేమీ ప్రింట్ చేయొద్దు" అని ప్రశ్నలోనే నమూనాతో సహా రాసేయండి.

మూడుల్ అనే ఆన్‌లైన్ క్లాసుల సాఫ్ట్‌వేర్‌లో, ప్రోగ్రాములకు మార్కులేసే కోడ్‌రన్నర్ వాడుతుంటే, మామూలుగా అది ఒక్క టెస్ట్ (మీరు పెట్టిన ఇన్‌పుట్, దాని జవాబు) తప్పినా మొత్తం మార్కు కోసేస్తుంది. సెట్టింగ్స్‌లో ఆల్-ఆర్-నథింగ్ టిక్కు తీసేస్తే నెగ్గిన టెస్టులకు మార్కులొస్తాయి.

టెస్టులు మాత్రం గట్టిగా ఉండాలి. ఒక్క 4తో సరిపెడితే, నేరుగా 300 అని ప్రింట్ చేసిన గడుగ్గాయికీ ఫుల్ మార్కులే! 0, 1, ఓ పెద్ద అంకె కలపండి, కొన్ని పిల్లలకు కనబడకుండా. టైపు చేసినదాన్ని అంకెగా మార్చే ఇంట్ పెట్టడం మర్చిపోయినవాడికి పైథానే 4ని 75 సార్లు వరసగా అచ్చేసి చూపిస్తుంది లెండి.

వేరియబుల్ పేర్లు, కామెంట్లు, ఆలోచించిన తీరు, వీటికి మీ ఎర్ర పెన్నే.