కోకిల కాదమ్మా

అమ్మాయీ,

అమెరికన్ జాజ్ గాయని బిల్లీ హాలిడే ప్రేమపాటల సంకలనం మీద నువ్వు రాసిన పన్నెండు పేజీలూ అందాయి. చేతిరాత ముచ్చటగా ఉంది. మూడో పేజీలో "విషాద కోకిల" కనబడగానే కాగితాలు పక్కన పడేసి వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకున్నాను. మనవాళ్లు పాడే ఆడపిల్ల కనిపిస్తే చాలు, ఆ బిరుదు ఊరికే పంచేస్తారు. నీకూ అంటుకుంది.

"అన్ని పాటల్లోనూ ఒకటే కన్నీరు" అన్నావు. ఏ పాట ఏ సంవత్సరానిదో చూశావా? సంకలనాలు కట్టేవాళ్ల మీద నాకున్న కోపం ఇదే. ఇరవై ఏళ్ల ఎడం ఉన్న పాటల్ని పక్కపక్కన కూర్చోబెట్టి 'ప్రేమ' అని ఒకే బొట్టు పెట్టేస్తారు. 1937 జూన్‌లో 'ఎ సెయిల్‌బోట్ ఇన్ ది మూన్‌లైట్' పాడినప్పుడు ఆమెకి ఇరవై రెండేళ్లు. వెన్నెల, పడవ, మనిద్దరం. పాటలో అంతకు మించి సరుకు లేదు. లెస్టర్ యంగ్ శాక్సఫోన్ పక్కనుంచి మాటకి మాట అందిస్తుంటే ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూ పాడుతోంది, విను. 1958 ఫిబ్రవరిలో రే ఎల్లిస్ వాద్యబృందంతో 'అయామ్ ఎ ఫూల్ టు వాంట్ యు' పాడేనాటికి గొంతు గీరుకుపోయింది. మరుసటేడు జులైలో మనిషే పోయింది. ఈ రెండింటికీ ఒకటే కన్నీరా?

నీ వ్యాసంలో సగం జైలూ మత్తుమందూ మొగుళ్లూ. 1947లో శిక్ష పడటం, బయటికొచ్చాక న్యూయార్క్ క్లబ్బుల్లో పాడేందుకు అనుమతి కార్డు లేకపోవడం, అన్నీ నిజాలే. ఆ కష్టాలు ఇంకా చాలామంది పడ్డారు. వాళ్లెవరూ ఇలా పాడలేదేం?

నా ఇరవై ఆరో ఏట ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల మధ్య అట్ట లేని బిల్లీ హాలిడే క్యాసెట్ ఒకటి దొరికింది. గదికి తెచ్చి పెడితే పాట ఈడుస్తోంది. సెల్సు అయిపోయాయనుకుని మర్నాటి టిఫిను డబ్బుల్తో నాలుగు కొత్తవి కొన్నాను. అదే ఈడుపు. అప్పుడు వెలిగింది: సెల్సు అయిపోతే పియానో, డ్రమ్ములు కూడా నీరసించాలిగా? అవి ఠంచనుగా నడుస్తున్నాయి. ఆవిడ మాటే ఆలస్యంగా వస్తోంది. బస్సు తన కోసం ఆగుతుందని తెలిసినావిడలా తాళం వెనక తీరిగ్గా నడిచొచ్చి, వాక్యం చివర సరిగ్గా ఎక్కేస్తోంది. ఆమె గొంతు ఒక స్థాయి దాటి పెద్దగా పోదు. పైకి ఎగరలేని మనిషి కాలంతో ఆడుకుంది. 'ప్రేమ' అనే మాటని అర క్షణం ఆపితే, ఇది చెబుతుందా మింగేస్తుందా అని మనకి గుబులు పుడుతుంది. నా మటుకు ప్రేమపాటంటే ఆ గుబులే.

ఇదంతా ఏడు పేజీలు రాసి ఒక వారపత్రికకి ఇచ్చాను. సంపాదకుడు (పేరెందుకులే) సెల్సు కొట్టేశాడు, తాళం కొట్టేశాడు. కష్టాల జాబితా మాత్రం మిగిల్చి "విషాద గాయని" అని శీర్షిక పెట్టాడు. పారితోషికం నేటికీ రాలేదు. నీ వ్యాసం చదువుతుంటే ఆయనే వచ్చి ఎదురుగా కూర్చున్నట్టయింది. కోపమంతా నీది కాదు, అందులో ఆయన వాటా ఉంది.

పదో పేజీలో, అదీ బ్రాకెట్లో, ఒక మాట రాశావు. ఇంగ్లీషు ముక్క రాని మీ అమ్మమ్మకి ఇయర్‌ఫోన్ పెడితే, "పాడట్లేదే, ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటోంది" అందని. అక్కడ లేచి రెండుసార్లు గదిలో తిరిగాను. అంత మాట నాకు నలభై ఏళ్లలో దొరకలేదు. దాన్ని బ్రాకెట్లో పెడతావా? మొదటి వాక్యం అదే. తర్వాత ఆవిడ ఏ పాటకి అలా అందో, ఏ మాట దగ్గర అందో కనుక్కుని రాయి. వాయించే పాట మాటలు తెలిసి ఉండాలని లెస్టర్ యంగ్ పట్టు. మీ అమ్మమ్మ మాటలు తెలియకుండానే పట్టేసింది. ఎలాగో అడుగు.

కలంపేరు సంగతీ, ఏ పత్రికకి పంపాలన్నదీ తర్వాత చూద్దాం.

కాగితాలు తిప్పి పంపుతున్నాను. మూడో పేజీ మీద టీ మరక నాదే.