ఎఫ్‌డీ తీసి పాత ఎర్టిగా కొనొచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. నాకూ మా ఆవిడకూ కలిపి నెలకు రూ.68,000 జీతం. ఇంటి ఖర్చులు, పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మందులు అన్నీ కలిపి రూ.48,000 అవుతాయి. ఆరుగురం. నెలకోసారి ఊరెళ్లి రావడానికి (రానూపోనూ 240 కి.మీ.) 2015 మోడల్ ఎర్టిగా డీజిల్ చూశాం. విజయవాడ బండి, రూ.4.80 లక్షలు చెబుతున్నారు. ఎఫ్‌డీలోని రూ.3 లక్షలు తీసి, మిగతా రూ.1.80 లక్షలు ప్రైవేటు ఫైనాన్స్‌లో రూపాయిన్నర వడ్డీకి మూడేళ్లకు తీసుకోవాలనుకుంటున్నాం. నాన్నకు 66 ఏళ్లు, షుగర్ ఉంది. ఆరోగ్య బీమా లేదు. కొనొచ్చా?

జవాబు: బండి ఎంపికలో తప్పు లేదు. 2012లో వచ్చిన మొదటి తరం ఎర్టిగా పొడవు 4.3 మీటర్ల లోపే కాబట్టి ఇరుకు వీధుల్లోనూ తిరుగుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మధ్య సీట్లోకి ఇబ్బంది లేకుండా ఎక్కుతారు. 1.3 డీజిల్ ఇంజిన్ స్విఫ్ట్, డిజైర్లలో ఉన్నదే. ఏ ఊళ్లోనైనా స్పేర్ పార్టులకు, మెకానిక్‌కు కొదవ ఉండదు. తప్పంతా డబ్బు తెచ్చే దారిలో ఉంది. చాలా కుటుంబాలు ఇదే దారి పడుతున్నాయి.

మీ నెల ఖర్చు రూ.48,000. ఆరు నెలలకు రూ.2.88 లక్షలు. అంటే మీ ఎఫ్‌డీ దాదాపు ఆరు నెలల ఇంటి ఖర్చు. అది కారు డబ్బు కాదు. ఇద్దరిలో ఒకరి జీతం ఆగినా, నాన్నగారిని అర్ధరాత్రి ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చినా మీకున్న ఆధారం అదొక్కటే. అప్పుడు బండి అమ్ముదామన్నా రెండ్రోజుల్లో అమ్ముడుపోదు. మీ తొందర కనిపెట్టిన వాడు సగం ధరకు అడుగుతాడు.

ఇక ఆ రూపాయిన్నర వడ్డీ. ఏడాదికి 18 శాతమే కదా అనుకుంటున్నారు. కాదు. మూడేళ్లూ మొత్తం రూ.1.80 లక్షల మీదే వడ్డీ వేస్తారు. నెలకు రూ.2,700 చొప్పున 36 నెలలకు రూ.97,200. అసలుతో కలిపి 36 భాగాలు చేస్తే కిస్తీ రూ.7,700. నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ ఒక్క రూపాయి తగ్గదు. తగ్గే బాకీ మీద లెక్కిస్తే ఇది ఏడాదికి 30 శాతం పైమాటే. పదేళ్ల బండికి బ్యాంకులు సాధారణంగా ముందుకు రావు కాబట్టే జనం ఇక్కడికి వెళ్తున్నారు. దయచేసి వెళ్లకండి. ఏడాది చివర అసలంతా ఒకేసారి కట్టే బంగారు రుణమూ వద్దు.

కొన్నాక ఖర్చు కూడా చూడండి. నెలకు 800 కి.మీ. తిరిగితే, లీటరుకు 16 కి.మీ. చొప్పున 50 లీటర్లు, సుమారు రూ.4,800. బీమాకు, సర్వీసుకు, చిన్నాచితకా రిపేర్లకు నెలకు రూ.3,100 పక్కన పెట్టాలి. కిస్తీతో కలిపి రూ.15,600. మీకు మిగిలే రూ.20,000లో ఇక రూ.4,400. ఎఫ్‌డీ సున్నా. నాలుగు టైర్లు మార్చాలంటేనే రూ.20,000 దాటుతుంది. ఆ డబ్బుకు మళ్లీ అప్పే.

ముందు అమ్మానాన్నలకు ఆరోగ్య పాలసీ తీసుకోండి. షుగర్ దాచకుండా రాయండి, దాస్తే క్లెయిమ్ పోతుంది. ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బులకు క్లెయిమ్ రాని గడువు) ఉంటుంది. ఈ నెల తీసుకుంటే ఆ గడువు ఈ నెల నుంచే మొదలవుతుంది. రెండేళ్లు వాయిదా వేస్తే అది అంత వెనక్కి పోతుంది, నాన్నగారి వయసూ పెరుగుతుంది. ప్రీమియానికి నెలకు రూ.4,500 కేటాయించండి.

మిగిలిన దాంట్లో నెలకు రూ.13,000 ఆర్‌డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌లో) వేస్తే రెండున్నరేళ్లకు, 6.5 శాతం వడ్డీ లెక్కన, సుమారు రూ.4.20 లక్షలు. అప్పటికి 2017 మోడల్ పదేళ్ల బండి అవుతుంది, ఇప్పుడు 2015 మోడల్‌కు చెబుతున్న ధరకే దొరకొచ్చు. తక్కువైన యాభై, అరవై వేలకు నెలవారీ కిస్తీల బంగారు రుణం ఏడాదిలో తీరిపోతుంది. అందాకా ఊరికి వెళ్లిన రోజు డ్రైవర్‌తో బండి మాట్లాడుకోండి. నెలకు ఒక్కసారే కాబట్టి సొంత బండి నెల ఖర్చు కంటే తక్కువే అవుతుంది.

ఎప్పుడు కొన్నా, విజయవాడ బండి అయితే 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిందేమో చూడండి. వెనక సీటు బెల్టు చివరిదాకా లాగండి. పైన ఎంత కడిగినా, చుట్టలో ఉండే భాగం మీద బురద మరక మిగిలిపోతుంది. ముందు సీట్ల కింద పట్టాల తుప్పు, స్టెప్నీ గుంతలో ఒండ్రు, కార్పెట్ ఎత్తితే ముక్కిన వాసన గమనించండి. మునిగిన బండిలో వైరింగ్ కనెక్టర్లు నెలల తర్వాత తుప్పు పట్టి ఒక్కొక్కటే మొరాయిస్తాయి. ఆ రిపేరు బిల్లుకు అంతుండదు.

ఆంధ్ర బండికి అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చుకుని తెలంగాణలో మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఎంతవుతుందో ఆర్టీఏ ఆఫీసులో ముందే కనుక్కుని ధరకు కలపండి. 2015 బండి ఆర్‌సీ 2030లో ముగుస్తుంది, తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష చేయించి రెన్యువల్ చేసుకోవాలి. పెండింగ్ చలానాలు, ఆర్‌సీలో హైపోథికేషన్ (బండి మీద అప్పు ఉన్నట్టు నమోదు) తొలగించారో లేదో చూశాకే అడ్వాన్సు ఇవ్వండి. బదిలీ అయిన 14 రోజుల్లోపు బీమా మీ పేరుకు మార్పించుకోండి. అమ్మిన వారి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, ఆ తేడా కట్టాల్సి ఉంటుంది.