చాప్ అనాలా, కాప్ అనాలా?

తమ్ముడూ,

నీ నవలలో దీవివాళ్లకు లాటిన్ నుంచి పుట్టిస్తున్న భాష కోసం రాసుకున్న మాటల పట్టిక రెండుసార్లు చదివాను. లాటిన్ ‘కంతారె’ (పాడడం)లో ‘క’ను ‘చ’ చేసి ‘చంతార్’ అన్నావు. ‘కపుత్’ (తల) దగ్గరికొచ్చేసరికి ‘కాప్’ అని వదిలేశావు. పక్కన పెన్సిల్‌తో ‘చాప్ అంటే చాప గుర్తొస్తోంది’ అని రాసుకున్నావు. నవ్వొచ్చింది. కానీ అలా కుదరదు.

ధ్వని మారడం మొదలైతే మన ఇష్టాయిష్టాలు చూడదు. కన్నడిగుల కివి, కెరె మన దగ్గర చెవి, చెరువు. ఇ, ఎ అచ్చుల ముందు ‘క’ వరసపెట్టి ‘చ’ అయిపోయింది. నీ దీవిలో ‘అ’ ముందు ‘క’ మారుతుందంటే తలకూ తప్పదు.

అంతకంటే టెన్షన్ పెట్టేది మార్పుల వరస. లాటిన్ ‘కౌస’ ఫ్రెంచ్‌లో ‘షోజ్’ (వస్తువు) అయింది. ముందు ‘ఔ’లోని ‘అ’ వల్ల ‘క’ ‘చ’ అయింది, ఆ తర్వాతే ‘ఔ’ ‘ఓ’ అయింది, ఇంకా తర్వాత ఆ ‘చ’ ‘ష’ అయింది. మొదటి రెండూ తారుమారై ఉంటే ‘ఓ’ ముందున్న ‘క’ కదిలేదే కాదు. ‘కోర్పుస్’ (శరీరం) చూడు, ‘కోర్’ దగ్గరే ఆగింది. అందుకే మార్పులకు నంబర్లు వేసుకో. ప్రతి మాటనూ ఒకటో నంబరు నుంచి కిందికి దించు. మధ్యలో ఎక్కించకు. నేను నంబర్లు వేయకుండా నెల రోజులు రాసి, నోట్‌బుక్ మొత్తం చింపేశాను.

రాత్రికి నిఘంటువులోని ‘నోక్స్’ తీసుకున్నావు, అది కొట్టెయ్. ‘నోక్తెమ్’ (రాత్రిని) అనే రూపం నుంచే ఇటాలియన్ ‘నొత్తె’, స్పానిష్ ‘నోచె’, పోర్చుగీసు ‘నోయితె’ వచ్చాయి. ‘రక్త’ ప్రాకృతంలో ‘రత్త’ అయినట్టే ఇటాలియన్‌లోనూ ‘క్త’ ‘త్త’ అయింది. మూడింట్లో ఏ దారి పడతావో నీ ఇష్టం, పట్టాక మాత్రం వదలకు.

‘కాప్’ మీద అంత మోజుంటే ఒక ఉపాయం ఉంది. ఫ్రెంచ్‌లో ‘కోజ్’ అనే మాటా ఉంది, ‘కారణం’ అని అర్థం. అదీ ‘కౌస’నే, కాకపోతే చదువుకున్నవాళ్లు తర్వాత లాటిన్ నుంచి నేరుగా ఎత్తుకొచ్చారు. మన తత్సమం, తద్భవం వ్యవహారమే. కాబట్టి దీవిలో వైద్యుడు పుస్తకం తిరగేస్తూ ‘కాప్’ అననీ. తలనొప్పితో వచ్చిన జాలరి మాత్రం ‘చాప్’ అనే మూలగాలి.

పట్టిక మార్చి పంపు.

మీ అన్నయ్య